భూమి మారకుండా పాలన మారవచ్చునా? – ‘పానార్కీ’ భావన, యానాం అనుభవం

వ్యాససంగ్రహం:
ఆధునిక రాజ్యంలో మనిషి ఏ నేల మీద నివసిస్తే ఆ నేలను పాలించే ప్రభుత్వమే అతనికి ప్రభుత్వం. ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో ఉంటూ ఎవరికి నచ్చిన ప్రభుత్వాన్ని వారు ఎంచుకోవచ్చునని 1860లో బెల్జియం రచయిత పాల్ ఎమిల్ ద ప్యూయిట్ ప్రతిపాదించారు. దానికి ఆయన పెట్టిన పేరు ‘పానార్కీ’. ఆ ప్రతిపాదనను వివరించి, దానికి దగ్గరగా వచ్చిన కొన్ని చారిత్రక ప్రయోగాలను, ముఖ్యంగా ఫ్రెంచి యానాంకు కూడా వర్తించిన 1881 నాటి డిక్రీని, 1925 నాటి ఎస్టోనియా చట్టాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎంపిక అనే హక్కు ఎవరి చేతిలో ఉన్నది, అది ఎన్ని తరాలు నిలుస్తుంది అనే ప్రశ్నలపై ఇందులో ప్రత్యేక దృష్టి పెట్టడం జరిగింది.

కీలకపదాలు: పానార్కీ, ప్రాదేశికత, వ్యక్తి సూత్రం, పర్సనల్ లా, యానాం, రెనోన్సాంట్లు, సాంస్కృతిక స్వయంప్రతిపత్తి.

1. ఉపోద్ఘాతం:

గోదావరి జిల్లాలలో పాతతరం వారికి యానాం మరో పేరుతో కూడా తెలుసు. అది ‘కల్యాణపురం’. బాలికలకు 14 ఏళ్ళు, బాలురకు 18 ఏళ్ళు నిండనిదే వివాహం చేయరాదన్న శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న బ్రిటిష్ ఇండియాలో అమలులోకి వచ్చింది. కాకినాడకు కూతవేటు దూరంలో ఉన్న యానాం మాత్రం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. అక్కడ ఆ చట్టం చెల్లదు. చుట్టుపక్కల తాలూకాల నుంచి పెళ్ళివారు పిల్లలను తీసుకొని సరిహద్దు దాటి వెళ్ళి, ముహూర్తం కాగానే తిరిగి వచ్చేవారు. ఊరికి ఆ పేరు అలా వచ్చింది.

ఒక చట్టం నచ్చనివాడు ఇంకొక చట్టం ఉన్న చోటికి నడిచి వెళ్ళడం చరిత్రలో కొత్తది కాదు. ఇక్కడ గమనించవలసినది వేరే ఉంది. యానాంలో బాల్యవివాహం చెల్లడానికి కారణం ఫ్రెంచి పౌరస్మృతి దానిని అనుమతించడం కాదు. 1819 జనవరి 6 నాటి ఉత్తర్వు ద్వారా ఫ్రెంచివారు తమ స్థావరాలలో తమ స్మృతులను ప్రకటిస్తూనే, భారతీయుల వ్యవహారాలను వారి వారి కులాచారాలను, కట్టుబాట్లను అనుసరించి తీర్చవలెనని నియమం పెట్టుకున్నారు. అంటే యానాం నేల మీద ఒక్క చట్టం లేదు. ఒకే వీధిలో ఫ్రెంచివానికి ఒకటి, హిందువుకు ఒకటి, మహమ్మదీయునికి ఒకటి. పెళ్ళివారు దాటినది ప్రాదేశికమైన సరిహద్దే అయినా, వారికి ఆశ్రయం ఇచ్చినది ప్రాదేశికం కాని చట్టం.

ఈ చిక్కు గ్రహించిన బ్రిటిష్ ప్రభుత్వం 1938లో చట్టాన్ని సవరించి, ఇండియాలో స్థిరనివాసం గల బ్రిటిష్ ప్రజలు ఎక్కడ ఉన్నా అది వారికి వర్తిస్తుందని చేర్చింది. నేలను కాపలా కాసి లాభం లేదని తెలిసి మనిషి వెంట చట్టాన్ని పంపింది. ప్రాదేశిక రాజ్యమే తన అవసరం కోసం ప్రాదేశికతను పక్కన పెట్టిన సందర్భం ఇది.

చట్టం నేలను అంటిపెట్టుకొని ఉండాలా, మనిషిని అంటిపెట్టుకొని ఉండాలా? మనిషినే అంటిపెట్టుకొనేటట్లయితే, ఏ చట్టం అన్నది ఆ మనిషి స్వయంగా ఎంచుకోవచ్చునా? ఈ రెండో ప్రశ్నను తుదికంటా తీసుకువెళ్ళిన రచన 1860లో వెలువడింది.

2. బ్రస్సెల్స్ పత్రికలో ఒక వ్యాసం:

పాల్ ఎమిల్ ద ప్యూయిట్ (1810–1891) బెల్జియంలోని మోన్స్ పట్టణానికి చెందినవారు. వృక్షశాస్త్రజ్ఞులకు ఆయన ఆర్కిడ్ పూల నిపుణుడుగా పరిచయం. 1880లో ఆ మొక్కల మీద ఆయన వెలువరించిన గ్రంథం ప్రసిద్ధం. రాజనీతి ఆయన వృత్తి కాదు. బ్రస్సెల్స్ నుంచి వచ్చే ‘రెవ్యూ త్రిమెస్త్రియెల్’ అనే త్రైమాసిక పత్రిక 1860 జూలై సంచికలో ‘పానార్కీ’ పేరుతో ఆయన వ్యాసం ఒకటి అచ్చయింది. ఎవరూ దానిని పెద్దగా పట్టించుకోలేదు. దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 1909లో, అరాచకవాద చరిత్రకారుడు మాక్స్ నెట్లౌ ఒక జర్మన్ పత్రికలో దానిని మరుగున పడిన ఆలోచనగా పరిచయం చేసేవరకు ఆ వ్యాసం ఊసే లేదు.

ఆ వ్యాసం సారాంశం సరళమైనది. వర్తకంలో ప్రభుత్వం జోక్యం చేసుకోకుండా ఎవరి మానాన వారిని వదిలివేయాలని నాటి ఆర్థికవేత్తలు వాదించేవారు. ద ప్యూయిట్ ఆ సూత్రాన్ని తిప్పి ప్రభుత్వానికే అన్వయించారు. సరుకు ఎంచుకొనే స్వేచ్ఛ మంచిదైతే, పాలన ఎంచుకొనే స్వేచ్ఛ ఎందుకు మంచిది కాకూడదు? ఒకరికి రాచరికం ఇష్టం, ఒకరికి గణతంత్రం ఇష్టం. రాచరికం ఇష్టమైనవారు గణతంత్రవాదులను అణచివేస్తే తప్ప, లేదా గణతంత్రవాదులు రాజును దించితే తప్ప ఇద్దరిలో ఒకరి కోరిక తీరదు. 1848లో ఐరోపా అంతటా రేగిన విప్లవాలకు మూలం ఇదేనని ఆయన అభిప్రాయం. ప్రతి పక్షమూ తనకు నచ్చిన పాలనను అందరి నెత్తిన రుద్దవలసి రావడం వల్లనే రక్తపాతం జరుగుతున్నది. ఎవరి పాలన వారికి ఇస్తే పోరాడవలసిన అవసరమే ఉండదు.

ఈ ఆలోచనకు ఆయన ఇచ్చిన కార్యరూపం ఆసక్తికరం. ప్రతి ఊళ్ళోనూ ఒక నమోదు కార్యాలయం తెరుస్తారు. వయోజనులైన పౌరులందరికీ ఒక పత్రం అందుతుంది. పన్నుల కోసమో, పెంపుడు కుక్కల నమోదు కోసమో పంపే పత్రం వంటిదే అది. అందులో ఒకటే ప్రశ్న: మీరు ఏ విధమైన ప్రభుత్వాన్ని కోరుతున్నారు? రాచరికమా, ప్రజాస్వామ్యమా, మరొకటా? ప్రూధోన్ చెప్పే ప్రభుత్వరాహిత్యం కోరుకొనేవారికి కూడా అందులో చోటుంది. పత్రం నింపి ఇస్తే ఇక వారు ఆ ప్రభుత్వానికి చెందినవారు. దానికే పన్ను కడతారు, దాని చట్టాలనే పాటిస్తారు. మనసు మారితే నిర్ణీత గడువు, లాంఛనాలు పాటించి మరో ప్రభుత్వానికి మారవచ్చు. ఇందుకు ఇల్లు మారనక్కర లేదు. ఒక ప్రభుత్వానికి చెందినవారికీ మరొక ప్రభుత్వానికి చెందినవారికీ మధ్య తగవు వస్తే మధ్యవర్తుల తీర్పుతో పరిష్కరించుకోవాలి.

ఆయన ముఖ్యంగా ఆధారపడిన ఉపమానం మతం. ఒకప్పుడు రాజు మతమే ప్రజల మతం. దాని కోసం ఐరోపా ఎన్నో యుద్ధాలు చేసింది. తరువాత కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, యూదులు ఒకే పట్టణంలో పక్కపక్కన ఎవరి గుడికి వారు వెళుతూ బతకడం నేర్చుకున్నారు. రాజకీయ విశ్వాసానికీ అదే దారి ఎందుకు కాకూడదన్నది ఆయన వాదం. వినడానికి ఇది బలమైన పోలికే. మతానికి రోడ్లు వేయవలసిన పని, వరదకట్ట పోయవలసిన పని లేవన్న సంగతి మాత్రం ఇందులో మరుగున పడింది. ఏటిగట్టు తెగితే ఏ ప్రభుత్వానికి నమోదైనవాడి పొలం అయినా మునుగుతుంది. గట్టు ఖర్చు ఎవరు పెట్టాలి, ఎవరి మాట చెల్లాలి అన్న విషయంలో ద ప్యూయిట్ వ్యాసం పలచనగా సాగుతుంది. ఆశావాదం ఎక్కువగా ఉన్నచోట వివరం తక్కువగా ఉండటం ఈ తరహా రచనలలో తరచు కనిపించేదే.

ఆయనకు పదకొండేళ్ళ ముందు, 1849లో, మరొక బెల్జియం జాతీయుడు గుస్తావ్ ద మొలినారి రక్షణ కల్పించే సేవను కూడా పోటీ వర్తకులకు విడిచిపెట్టవచ్చునని వాదించారు. ఆ వాదం అమ్మకందారు వైపు నుంచి సాగింది. ద ప్యూయిట్‌ది సభ్యత్వం వైపు నుంచి సాగిన వాదం. అందుకే ఆయన చిత్రించిన వ్యవస్థకు కేంద్రబిందువు దుకాణం కాక నమోదు పుస్తకం అయింది. చరిత్రలో ఈ భావనకు దగ్గరగా వచ్చిన ప్రయోగాలన్నింటిలోనూ ఆ నమోదు పుస్తకమే కనిపిస్తుంది.

3. చట్టం మనిషి వెంట నడిచిన కాలం:

ప్రాదేశిక చట్టం సహజమైనదనీ, మిగిలినవి విడ్డూరమనీ అనుకోవడం ఇటీవలి అలవాటు. 9వ శతాబ్దం తొలినాళ్ళలో లియోన్ ఆర్చిబిషప్ అగోబార్డ్ ఫ్రాంకుల చక్రవర్తి లూయీకి రాసిన ఒక లేఖలో, అయిదుగురు మనుషులు కలిసి కూర్చుంటే లేదా నడుస్తుంటే వారిలో ఏ ఇద్దరికీ ఒకే చట్టం ఉండని పరిస్థితి గురించి వాపోయారు. రోమన్‌కు రోమన్ చట్టం, బర్గండీయునికి బర్గండీ చట్టం, ఫ్రాంకుకు ఫ్రాంకు చట్టం. న్యాయస్థానం ముందుకు వచ్చిన మనిషి ముందుగా తాను ఏ చట్టం కింద బతుకుతున్నాడో ప్రకటించుకోవలసి వచ్చేది. అయితే ఆ ప్రకటనలో ఎంపిక తక్కువ, పుట్టుక ఎక్కువ.

భారతదేశానికి వస్తే ఈ తీరు ఇంకా స్పష్టం. 1772లో వారన్ హేస్టింగ్స్ రూపొందించిన న్యాయప్రణాళిక వారసత్వం, వివాహం, కులం, మతాచారాల విషయంలో హిందువులకు శాస్త్రాన్నీ, మహమ్మదీయులకు ఖురానునూ ప్రమాణంగా పెట్టింది. 1810లో కోల్‌బ్రూక్ మితాక్షరలోని దాయవిభాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన తరువాత ఆ గ్రంథం కోర్టులలో చట్టమంత పని చేసింది. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు రచించిన ఈ వ్యాఖ్యను 13వ శతాబ్దంలోనే మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగుపద్యాలలోకి దించాడు. తెలుగు సాహిత్య విద్యార్థికి కేతన అనువాదకుడుగా, తిక్కన శిష్యుడుగా తెలుసు. చట్టాన్ని పండితుల భాష నుంచి ఇంటి భాషకు తెచ్చినవాడుగా ఆయన మీద జరగవలసిన చర్చ ఇంకా ఉంది.

ఇక్కడ ఒక న్యాయసూత్రం చెప్పుకోవలసి ఉంది. హిందూ కుటుంబం ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి వలస వెళితే, తాను బయలుదేరిన చోటి చట్టాన్ని వెంట తీసుకువెళుతుందని ప్రివీ కౌన్సిల్ 19వ శతాబ్దంలోనే స్థిరపరిచింది. మితాక్షర ప్రాంతం నుంచి బెంగాలుకు వెళ్ళిన కుటుంబం దాయభాగ దేశంలో ఉంటూ మితాక్షర ప్రకారమే ఆస్తి పంచుకోవచ్చు. పాత చట్టాన్ని వదులుకొని వెళ్ళిన చోటి చట్టాన్ని స్వీకరించినట్లు రుజువు చేస్తే మాత్రం కొత్తది వర్తిస్తుంది. ఆచారంలో వచ్చిన మార్పును సాక్ష్యంగా చూపి చట్టాన్ని మార్చుకొనే వీలు ఇందులో ఉంది. ద ప్యూయిట్ చెప్పిన పత్రం ఇక్కడ లేదు కాని, దాని నీడ ఉంది.

4. 1881: పరిత్యాగ పత్రం:

పత్రం కూడా వచ్చింది. అది వచ్చినది ఫ్రెంచి స్థావరాలలో. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం పాండిచ్చేరి, కారైకల్, మాహె, యానాం, చందర్‌నగర్‌లలోని భారతీయులు, ఏ కులానికి ఏ మతానికి చెందినవారైనా, అధికారి ముందు ప్రకటన చేసి తమ వ్యక్తిగత చట్టాన్ని వదులుకోవచ్చు. ఆ క్షణం నుంచి వారికి ఫ్రెంచి పౌరస్మృతి వర్తిస్తుంది. ఇలా వదులుకున్నవారిని ‘రెనోన్సాంట్లు’ అన్నారు. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం పరిత్యజించినవారు అని. ఫ్రెంచి పద్ధతిలో ఇంటిపేరు కూడా పెట్టుకోవలసి వచ్చేది. పాండిచ్చేరి న్యాయవాది పొన్నుతంబి పిళ్ళై ‘లా పోర్త్’ అన్న పేరు తీసుకున్నారు. ఆ మాటకు ద్వారం అని అర్థం.

రాజ్యం మారలేదు, ఊరు మారలేదు, ఇల్లు మారలేదు. మారినది చట్టం ఒక్కటే. అదీ ఒక ప్రకటనతో. పక్కింటివాడు కులాచారం ప్రకారం వారసత్వం పొందుతూ ఉండగా, రెనోన్సాంట్ నెపోలియన్ స్మృతి ప్రకారం పొందుతాడు. పానార్కీ అనే పేరు ఆ డిక్రీని రాసినవారికి తెలిసి ఉండదు. వారి ఉద్దేశం పౌరులను ఫ్రెంచి సంస్కృతిలో కలుపుకోవడం. కాని వారు ఏర్పరచిన యంత్రాంగం మాత్రం ద ప్యూయిట్ ఊహించిన నమోదు కార్యాలయానికి ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంది.

ఈ ద్వారం గుండా ఎక్కువగా నడిచినవారు క్రైస్తవులు, అణగారిన కులాలవారు. దానికి కారణం ఊహించడం కష్టం కాదు. కులాచారమే చట్టంగా ఉన్నచోట, కులంలో అడుగున ఉన్నవారికి ఆ చట్టం నుంచి బయటపడటం సమానత్వానికి తొలిమెట్టు. అగ్రకులాలలో చాలామందికి ఈ పరిత్యాగం ధర్మభ్రష్టతగా కనిపించింది. 1884లో ఓటర్లను యూరోపియన్లు, రెనోన్సాంట్లు, పరిత్యజించని భారతీయులు అని మూడు జాబితాలుగా విభజించారు. చట్టాన్ని ఎంచుకోవడం ఎంత వ్యక్తిగతమైన నిర్ణయంగా మొదలైనా, దాని వెంటనే ఓట్ల లెక్క వచ్చి కూర్చుంది. పన్ను కట్టేది, ఓటు వేసేది ఒకే సభకు అయినప్పుడు వ్యక్తిగత చట్టపు ఎంపిక రాజకీయ పక్షంగా మారడం తప్పదని పాండిచ్చేరి అనుభవం చెబుతోంది. ద ప్యూయిట్ దీనికి ఇవ్వగల సమాధానం ఒకటుంది: సభను కూడా వేరు చేయండి. అక్కడిదాకా వెళ్ళడానికి ఏ సామ్రాజ్యమూ సిద్ధపడలేదు.

5. ఆస్ట్రియా వాదం, ఎస్టోనియా చట్టం:

దాదాపు సిద్ధపడినవారు ఆస్ట్రియా సోషలిస్టులు. జర్మన్లు, చెక్‌లు, పోలులు, రుథేనియన్లు, స్లొవీన్లు ఒకే పట్టణాలలో కలగలిసి బతికే సామ్రాజ్యంలో ప్రతి జాతికీ ఒక భూభాగం కోసి ఇవ్వడం అసాధ్యం. 1899లో కార్ల్ రెన్నర్ ‘సినాప్టికస్’ అనే మారుపేరుతో ప్రచురించిన చిన్న పుస్తకంలో వ్యక్తి సూత్రాన్ని ప్రతిపాదించారు. జాతి అంటే నేల కాదు, మనుషుల సముదాయం. ప్రతి పౌరుడు తాను ఏ జాతికి చెందినవాడో స్వయంగా ప్రకటించుకోవాలి. ఆ జాతి నమోదు పట్టికలోని సభ్యులందరూ, ఎక్కడ ఉన్నా, తమ పాఠశాలలను, సంస్కృతిని తామే నడుపుకోవాలి. మిగిలిన వ్యవహారాలు ఉమ్మడి రాజ్యానివి. మతసంఘాల పోలికను రెన్నర్ కూడా వాడుకున్నారు. అయితే ద ప్యూయిట్ మొత్తం ప్రభుత్వాన్నే ఎంపికకు పెట్టగా, రెన్నర్ ఎంచుకోదగిన విషయాలను, ఎంచుకోరాని విషయాలను విడదీశారు. ఏటిగట్టు ప్రశ్నకు జవాబు ఈ విభజనలోనే ఉంది. 1907లో ఓటో బావర్ దీనికి విస్తృతమైన సిద్ధాంతరూపం ఇచ్చారు. 1913లో స్టాలిన్ వియన్నాలో కూర్చొని రాసిన జాతుల సమస్య వ్యాసంలో ఎక్కువ భాగం దీనిని ఖండించడానికే వినియోగించారు. జాతికి ఉమ్మడి భూభాగం ఉండి తీరాలన్న ఆయన నిర్వచనానికి ఇది పొసగదు.

ఆచరణలో మొదటి పరీక్ష 1905లో మొరావియాలో జరిగింది. అక్కడ ప్రాంతీయ సభ ఎన్నికలకు ఓటర్లను చెక్, జర్మన్ జాబితాలుగా నమోదు చేశారు. చెక్‌వాడు చెక్ అభ్యర్థికే, జర్మన్ జర్మన్ అభ్యర్థికే ఓటు వేయాలి. ఎన్నికల ప్రచారంలో జాతివైరం కొంత చల్లబడింది; ఇది మెచ్చుకోదగిన ఫలితమే. కాని రెండు భాషలూ మాట్లాడే కుటుంబాలు అక్కడ తక్కువేమీ కాదు. అటువంటివారు ఏ జాబితాలోకి రావాలి, వారి పిల్లలు ఏ బడికి పోవాలి అన్న చోట పేచీలు పుట్టాయి. ప్రకటించినది ఒకటి, నిజానికి మీరు మరొకటి అంటూ ఇరుపక్షాల సంఘాలు అభ్యంతరాలు తెచ్చాయి. ఆ ప్రకటనను విచారించి, బయటికి కనిపించే లక్షణాలతో సరిపోల్చవచ్చునని పరిపాలనా న్యాయస్థానం కూడా అంగీకరించింది. మనిషి తనను గురించి తాను చెప్పిన మాట చెల్లకుండా పోవడం, దానిని మరొకరు నిర్ణయించడం మొదలైన తరువాత, స్వేచ్ఛగా ఎంచుకొనే సూత్రం మెల్లగా పుట్టుకను ఆరా తీసే సూత్రంగా మారింది.

ఈ ప్రమాదాన్ని బాగా గుర్తించినది ఎస్టోనియా. 1925 ఫిబ్రవరి 12న ఆ చిన్న గణతంత్రం చేసిన చట్టం ప్రకారం జర్మన్లు, రష్యన్లు, స్వీడన్లు, అలాగే 3000 మందికి తక్కువ కాని ఇతర అల్పసంఖ్యాక వర్గాలు సాంస్కృతిక మండలిని ఏర్పరచుకోవచ్చు. సభ్యత్వం పూర్తిగా స్వచ్ఛందం. జాతి పట్టికలో పేరు చేర్చుకోవచ్చు, తీసివేయించుకోవచ్చు. మండలి తన పాఠశాలలను నడుపుతుంది, తన సభ్యులపై పన్ను కూడా వేయవచ్చు. జర్మన్లు 1925లో, యూదులు 1926లో ఈ మండలులను ఏర్పరచుకున్నారు. రష్యన్లు, స్వీడన్లు ఆ జోలికి పోలేదు. కొన్ని ప్రాంతాలలో గుంపుగా ఉండటం వల్ల మామూలు స్థానిక సంస్థలే వారికి చాలాయి. చెదిరి ఉన్నవారికి వ్యక్తి సూత్రం, ఒకచోట ఉన్నవారికి ప్రాదేశిక సూత్రం అక్కరకు వచ్చాయన్నమాట. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావని చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

1939–40లో బాల్టిక్ జర్మన్లు జర్మనీ పిలుపు అందుకొని తరలిపోయారు. 1940లో సోవియట్ ఆక్రమణతో ఆ మండలులు రద్దయ్యాయి. స్వతంత్రం తిరిగి వచ్చాక 1993లో ఎస్టోనియా అటువంటి చట్టాన్నే మళ్ళీ చేసింది. ద ప్యూయిట్ వ్యాసం అచ్చయిన బ్రస్సెల్స్‌లోనే నేడు ఫ్రెంచి సముదాయం, ఫ్లెమిష్ సముదాయం ఒకే నేల మీద వేరువేరుగా బడులను నడుపుతున్నాయి. అక్కడి నివాసికి ఉపజాతీయత అంటూ ఏదీ లేదు. పిల్లవానిని ఏ బడిలో వేస్తే ఆ బడి మేరకు ఆ సముదాయం పాలన వర్తిస్తుంది. ప్రకటన పత్రం సైతం లేకుండా సాగుతున్న ఈ ఏర్పాటు మొరావియా పేచీలకు ఒక విరుగుడు.

6. ఇంట్లో ఎంచుకొనేది ఎవరు?

పై ప్రయోగాలన్నింటిలోనూ ‘పౌరుడు’ అన్న మాట తడబాటు లేకుండా వస్తుంది. ఆ పౌరుడు ఎవరు? 1881 డిక్రీ ప్రకారం పురుషుడు తన చట్టాన్ని వదులుకుంటే అతని భార్యకూ మైనరు సంతానానికీ అదే వర్తిస్తుంది. ప్రకటన అతనిది, ఫలితం ఇంటిల్లిపాదిది. 1937 నాటి షరియత్ చట్టం మూడవ సెక్షన్‌లోనూ ఇదే నమూనా కనిపిస్తుంది. దత్తత, వీలునామా విషయాలలో కూడా షరియత్ తనకు వర్తించాలని ముస్లిం వ్యక్తి నిర్ణీత అధికారి ముందు ప్రకటన చేయవచ్చు. చేస్తే అది అతనికి, అతని మైనరు బిడ్డలకు, వారి సంతతికి చెల్లుతుంది. ఫ్రెంచివారి డిక్రీ, బ్రిటిష్ ఇండియాలో చేసిన చట్టం 56 ఏళ్ళ తేడాతో ఒకే చోట ఆగాయి. ఎంపిక హక్కు ఇంటి గడప దాటి లోపలికి పోలేదు.

భూభాగంతో నిమిత్తం లేని పాలన గురించి మాట్లాడేవారు పోటీ గురించి ఎక్కువగా చెబుతారు. నచ్చకపోతే వదిలి పోగలగడమే రక్షణ అంటారు. వదిలి పోవడానికి ఖర్చు ఉంటుంది. ఆస్తి, ఆదాయం ఉన్నవానికి అది ఒక సంతకం. భర్త చట్టం కింద బతికే భార్యకు, తండ్రి చట్టం కింద పెరిగే కూతురుకు, యజమాని మాట కాదనలేని కూలీకి ఆ సంతకం అందుబాటులో ఉండదు. ప్రాదేశిక చట్టంలో ఎన్ని లోపాలున్నా, నేల మీద ఉన్నవారందరికీ, ఎవరి అనుమతీ లేకుండా, అది వర్తిస్తుంది. శారదా చట్టం ఎనిమిదేళ్ళ బాలికను అడిగి రాలేదు. ఆమె తండ్రిని కూడా అడగలేదు. కల్యాణపురానికి ప్రయాణం కట్టినది తండ్రి. నచ్చిన చట్టాన్ని ఎంచుకున్నదీ ఆయనే. ఈ సన్నివేశంలో స్వేచ్ఛ ఎవరిది అన్న ప్రశ్నకు పానార్కీ సాహిత్యంలో సంతృప్తికరమైన సమాధానం కనిపించదు.

అలాగని ఎంపికను పూర్తిగా తోసిపుచ్చలేము. లెబనాన్‌లో 18 మతసముదాయాలకు గుర్తింపు ఉంది, ఎవరి వివాహచట్టం వారిది. దేశంలో పౌరవివాహం చేసుకొనే వీలు మాత్రం లేదు. అందుకే మతాంతర జంటలు సైప్రస్‌కు ప్రయాణం కట్టి పెళ్ళి చేసుకొని వస్తుంటాయి. ఏ సముదాయానికీ చెందని గది ఒకటి లేకపోతే బహుళ చట్టాల ఇల్లు ఎలా ఊపిరాడకుండా చేస్తుందో చెప్పడానికి ఇది చాలు. భారతదేశంలో ఆ గది ఉంది. 1872 నాటి మూడవ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే తాము హిందూ, ముస్లిం, క్రైస్తవ తదితర మతాలలో దేనినీ పాటించడం లేదని వధూవరులు ప్రకటించవలసి వచ్చేది. 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ఆ ప్రకటన అక్కరలేకుండా చేసింది. ఈ చట్టం కింద పెళ్ళయితే వారసత్వం కూడా 1925 నాటి భారత వారసత్వ చట్టం పరిధిలోకి వస్తుంది. మతాచారం ప్రకారం అప్పటికే పెళ్ళయినవారు కూడా దీని కింద నమోదు చేసుకోవచ్చు. ఇల్లు మారకుండా, మతం మారకుండా, ఒక పత్రంతో తమ చట్టాన్ని మార్చుకోవడం ఇదే. ఇందులో ఇద్దరి సంతకాలూ కావాలి. 1881 నుంచి 1954కు జరిగిన అసలైన ప్రయాణం ఈ రెండో సంతకం.

1976లో ఈ చట్టానికి 21ఎ సెక్షన్‌ను చేర్చారు. వధూవరులిద్దరూ హిందువులే అయితే, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్ళి చేసుకున్నా వారసత్వానికి హిందూ చట్టమే వర్తిస్తుందని దాని సారాంశం. అంటే హిందూ దంపతులకు అంతవరకూ ఉన్న ఎంపికలో సగం తిరిగి పుట్టుకకు చేరింది. ఈ సవరణ మీద జరగవలసినంత చర్చ తెలుగులో జరగలేదు.

7. మూడో తరం:

యానాం 1954లో ఆచరణలో భారతదేశంలో కలిసింది. చట్టబద్ధమైన అప్పగింత 1962 ఆగస్టు 16న జరిగింది. 1956 మే 28న కుదిరిన ఒప్పందం ప్రకారం, ఆ స్థావరాలలో పుట్టి అక్కడే నివసిస్తున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు. కాని ఆరు నెలల లోపల లిఖితపూర్వకంగా ప్రకటిస్తే ఫ్రెంచి జాతీయతనే నిలుపుకోవచ్చు. మరోసారి ఒక పత్రం, మరోసారి ఒక ప్రశ్న. ఈసారి చట్టం మాత్రమే కాక దేశమే ఎంపికకు వచ్చింది. అలా ప్రకటించినవారు గోదావరి ఒడ్డునో, పాండిచ్చేరి వీధులలోనో ఉంటూనే ఫ్రాన్సు పౌరులుగా మిగిలిపోయారు.

భారత పౌరులైన రెనోన్సాంట్ల మాట ఏమిటి? 1963లో హిందూ వివాహ చట్టాన్ని, వారసత్వ చట్టాన్ని, మైనారిటీ-సంరక్షకత్వ చట్టాన్ని, దత్తత చట్టాన్ని పాండిచ్చేరికి విస్తరింపజేసినప్పుడు వాటిలో ఒక వాక్యం చేర్చారు. కేంద్రపాలిత ప్రాంతంలోని రెనోన్సాంట్లకు ఈ చట్టాలు వర్తించవు. ఆ మినహాయింపు యానాంను కూడా కలుపుకొనే ఉంది.

1881 డిక్రీ పరిత్యాగాన్ని తిరుగులేనిదిగా నిర్దేశించింది. ప్రకటించినవారు ఆ మాట తెలిసే ప్రకటించారు. వారి మనుమలు, మునిమనుమలు ఏ ప్రకటనా చేయలేదు. ముత్తాత ఒకనాడు కులాచారం నుంచి బయటపడటానికి చేసిన సంతకం వల్ల వారు ఫ్రెంచి పౌరస్మృతిలో పుడుతున్నారు. ఎదురింటివారు హిందూ చట్టంలో పుట్టినట్లే. వారు దానిని తిరిగి వదులుకోవడానికి ఆ డిక్రీలో కార్యాలయం లేదు, పత్రం లేదు.